పంతొమ్మిదో ట్యాంకు కబురు

ఏజెంట్ హెబ్రోను గురించి ఒక మాట ముందే చెప్పడం మంచిది, తర్వాత మీరు నోరు తెరవకుండా. ఈ దేశపు రహస్య శాఖలో అంతటి ఈతగాడు ఇంతవరకూ పుట్టలేదు. పులికాట్ సరస్సును ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఒక్క ఊపిరిలో ఈదాడు, అదీ పళ్ళ మధ్య పిస్టల్ కరిచిపట్టుకుని. ఒంటికాలి మీద నిలబడ్డ ఫ్లెమింగోలు అతణ్ణి చూస్తూ రెండో కాలు దించడం మరిచిపోయాయి. కొలంబో రేవులో శత్రువుల ఓడ అడుగున మూడు గంటలు బల్లిలా అంటుకుని, పైన జరిగే మాటలన్నీ విని, పొడి చొక్కాతో హోటలుకు తిరిగొచ్చాడు. నమ్మకపోతే కావలిలో అతని తల్లి రెబెక్కమ్మ గారిని అడగండి. వీడు నడక కంటే ముందు ఈతే నేర్చాడంటుంది.

అలాంటి హెబ్రోను ఆ మంగళవారం ఉదయం ఏడింటికి గూడూరు నిమ్మకాయల మార్కెట్లో బస్తాల మధ్య నిలబడి, తలపాగా చుట్టిన ఒక ముసలి దళారీని అడిగాడు.

"కాయ ఏ తోటది?"

"తోటది కాదు. గాలికి రాలింది."

"గాలి ఎటు నుంచి?"

"తూర్పు నుంచి. సముద్రం మీద నుంచి."

కోడ్ సరిపోయింది. ఆ దళారీ ఎవరో కాదు, శాఖ డెప్యూటీ డైరెక్టర్ పద్మనాభయ్య గారు. ఆయన వేషం ఎంత బాగా కుదిరిందంటే అప్పటికే ఇద్దరు రైతులు ఆయనతో బేరం కుదరక తిట్టి వెళ్ళారు.

"టైమ్ లేదు, విను" అన్నాడాయన ఒక కాయ వాసన చూస్తూ. "రాడార్ మ్యాప్ పోయింది. మన తీరం వెంబడి రాడార్లు ఎక్కడున్నాయో, ఎక్కడ లేవో, అంతా ఒక డిస్క్‌లో ఉంది. వేలిగోరంత డిస్క్. అది విదేశీ ముఠా చేతికి చేరితే రేపటి నుంచి మన తీరం తలుపుల్లేని ఇల్లు."

"ఎక్కడుంది?"

"ఉప్పరేవుపాళెం ఒడ్డున రొయ్య పిల్లల్ని పెంచే హ్యాచరీ ఒకటుంది. అక్కణ్ణుంచి పడవలో దాటిస్తారు. ఎప్పుడు, ఎలా, తెలియదు. పడవకు కబురు ఎలా పంపుతున్నారో అసలే తెలియదు. ఫోన్లు విన్నాం, వైర్‌లెస్ విన్నాం. ఏమీ లేదు. ఆ హ్యాచరీ నుంచి బయటికొచ్చేవి ట్యాంకుల రీడింగులు మాత్రమే. ఉప్పెంత, వేడెంత, ఆక్సిజనెంత. రోజుకు లక్ష మెసేజీలు. మా కుర్రాళ్ళు చదివి చదివి కుర్చీల్లోనే నిద్రపోయారు."

"లోపల మన మనిషి ఎవరు?"

"మేనేజర్ రేవతి. రెండేళ్ళుగా మన ఇన్ఫార్మర్. ఈ కాయ చూపించు." పద్మనాభయ్య ఒక నిమ్మకాయ అందించాడు. తొడిమె పక్కన సూదితో గుచ్చిన మూడు చుక్కలున్నాయి. తర్వాత సామాను అప్పగించాడు: రేడియో ఉన్న వాచీ, మత్తు గ్యాసు ఉన్న పెన్ను, అడుగు గిన్నెలో కెమెరా ఉన్న టిఫిన్ క్యారియర్. "పై గిన్నెలో ఉప్మా ఉంది. తిని, కడిగి తిరిగివ్వు. గవర్నమెంటు ప్రాపర్టీ."

తొమ్మిదిన్నరకు ఐసు అమ్మేవాడి వేషంలో, తలకు తువ్వాలు చుట్టి, ఆటో నిండా ఐసు పెట్టెలతో ఉప్పరేవుపాళెం ఒడ్డున దిగాడు హెబ్రోను. దిగి బిత్తరపోయాడు. సముద్రం మీద ఒక్క పడవ లేదు. యాభై పడవలూ ఇసుకలో వరసగా పడుకున్నాయి. ఎక్కడో డప్పు మోగుతోంది. ఊరి పెద్దకాపు చిన్నపోలయ్య, నల్లటి భారీ మనిషి, ఆటోలోకి తొంగి చూశాడు.

"ఏందబ్బయా, ఐసు తెచ్చినావా? ఎవురికి, శవానికా?"

"చేపలకు, అన్నా. ఒక్క పడవా పోలేదే?"

"మా పోలేరయ్య తాత తెల్లారుజామున పోయినాడు. ఊళ్ళో శవముంటే ఆ దినం వల తడవదు. అది మా కట్టుబాటు. పడవ దించినోడికి ఊరు లేదు, నిప్పు లేదు, నీళ్ళు లేవు." హ్యాచరీ గోడ వైపు గడ్డం ఎత్తాడు. "వాళ్ళ పైపు మా ఒడ్డు మీదనే గదా పోయేది. శవం మట్టిలో పడేదాకా నీళ్ళ మోటారు వెయ్యకూడదని వాళ్ళకూ ఒప్పందముండాది. నువ్వు పొయ్యి ఐసు కరిగిచ్చుకో."

హెబ్రోను ఐసు కరుగుతుంటే ఎండలో నిలబడి తిట్టుకున్నాడు. శాఖ లెక్కలో ఎన్ని వేషాలున్నా, చావు రోజున ఐసు అమ్ముకోవడానికి వచ్చిన తెలివితక్కువ వేషం ఇదొక్కటే.

హ్యాచరీ ఆఫీసులో రేవతి కూర్చుని ఉంది. ఊరంతా ఉప్పు వాసన, రొయ్య వాసన కొడుతుంటే ఆ గదిలో మాత్రం మొగలిపూల అత్తరు. సముద్రం రంగు పట్టుచీర, తల మీదికి తోసిన నల్ల కళ్ళద్దాలు. ఆమె నవ్వితే శాఖలో ఇద్దరు ఆఫీసర్లు ట్రాన్స్‌ఫర్ అయ్యారని వినికిడి. హెబ్రోను నిమ్మకాయ బల్ల మీద పెట్టాడు.

"గాలికి రాలిందా?" అందామె.

"తూర్పు గాలికి."

"కాఫీ తాగండి. మాట్లాడుకుందాం."

మిషన్ మీద ఉండగా పరాయివాళ్ళిచ్చిన కాఫీ తాగకూడదని శాఖ రూలు. కానీ ముందుకొచ్చిన కాఫీని చల్లారనివ్వకూడదని నెల్లూరు జిల్లా రూలు. జిల్లా ముందు పుట్టింది, శాఖ తర్వాత పుట్టింది. తాగాడు. మూడో గుక్కకు గది తిరిగింది. నాలుగో గుక్క ఎవరు తాగారో అతనికి తెలియదు.

కళ్ళు తెరిచేసరికి కింద తడి సిమెంటు. చుట్టూ నాలుగు గోడలు. ఎనిమిదడుగుల ఎత్తున కాంక్రీటు పైకప్పు, అందులో మనిషి పట్టేంత చదరపు కంత. ఆ కంతలోంచి రేవతి కిందికి చూస్తోంది.

"లేచారా? వాచీ, పెన్ను, క్యారియర్ నా దగ్గరున్నాయి. ఉప్మా బాగాలేదు."

"రేవతీ! నువ్వు మన మనిషివి కదా?"

"సోమ, బుధ, శుక్ర మీ మనిషిని. ఈ రోజు మంగళవారం." కళ్ళద్దాలు కిందికి దించుకుంది. "రేపు ఉదయం ఆరింటికి వేట పడవలన్నీ ఒడ్డుకొస్తాయి. యాభై పడవల్లో మా పడవ ఒకటి. అదే రంగు, అదే నంబరు. ఎవరు చూస్తారు? మీరు చూడరు. ఇది సముద్రపు నీళ్ళు నిలవ చేసే సంపు. ఇప్పుడే మోటారు వేశాను. సాయంత్రానికి నిండుతుంది."

"మోటారు వెయ్యకూడదు ఈ రోజు" అన్నాడు హెబ్రోను. "ఊళ్ళో ఒప్పందం."

"అలల హోరులో వినబడదులెండి. పోయేముందు మీ సొత్తు మీకు." చెయ్యి జారినట్టు ఏదో కిందికి వదిలింది. నిమ్మకాయ వచ్చి అతని కాలి దగ్గర పడింది. "దాహమేస్తే పిండుకోండి."

హెబ్రోను కాయను జేబులో వేసుకునేలోపే ఇనుప మూత దభీమని పడింది. గడియ కీచుమంది. చీకటి. మూల నుంచి నీళ్ళ చప్పుడు మొదలైంది.

"పోయిందా ఆవిడ?" అని చీకట్లోంచి ఒక గొంతు అడిగింది.

హెబ్రోను ఎగిరి పడ్డాడు. రెండో మూల మోకాళ్ళు ముడుచుకుని ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఇరవై ఆరేళ్ళుంటాయి. పేరు ఉషారాణి. బుచ్చిరెడ్డిపాలెంలో వరి పండించే ఇంటి పిల్ల, నెల్లూరులో ప్రోగ్రామర్. ఈ హ్యాచరీకి సాఫ్ట్‌వేర్ రాసింది తనే. పొద్దున వచ్చి రేవతిని ఒక ప్రశ్న అడిగింది. జవాబుగా కాఫీ ఇచ్చారు.

"ఏం ప్రశ్నమ్మా?"

"ఈ హ్యాచరీలో ట్యాంకులు పద్దెనిమిదే గదా మేడం, పంతొమ్మిదో ట్యాంకు నుంచి మెసేజీలు ఎందుకొస్తుండాయి అని."

"పంతొమ్మిదోది ఎక్కడుంది?"

"మనం కూర్చోనుండేది దాంట్లోనే అన్నా."

గోడ మీద, మనిషి తలకు పైగా, చిన్న పెట్టె ఒకటి పచ్చగా మెరుస్తోంది. దాన్నుంచి నీళ్ళను కొలిచే ప్రోబ్ ఒకటి వైరుకు కట్టి కిందికి వేలాడుతోంది. పెట్టె డిస్‌ప్లేలో టైము, ఉప్పు, వేడి, ఇంకేవో అంకెలు కనబడుతున్నాయి. ఒంటిగంటా పది. పైకప్పులో వైరు దూరే వేలెడు రంధ్రం నుంచి కాస్త వెలుతురు, డప్పు చప్పుడు వస్తున్నాయి. హెబ్రోను ప్రాణం లేచొచ్చింది.

"అది మెసేజీ పంపుతుందా? అయితే దాన్ని పట్టుకుని ఊపుదాం! అలారం మోగుతుంది!"

"మోగదన్నా." ఆ పిల్ల చేత్తో కళ్ళు తుడుచుకుంది. "మోగకుండా రాసింది నేనే."

అతను తన శాఖ సంగతి రెండు ముక్కల్లో చెప్పాక, నీళ్ళు చీలమండలు దాటుతుండగా ఆమె చెప్పింది, అతను విన్నాడు. ఇద్దరికీ వేరే పనేమీ లేదు.

"ప్రతి ట్యాంకులో ఇట్టాంటి ప్రోబ్ ఒకటి ఉంటాది. నిమిషానికోసారి ఒక మెసేజీ వదులుతాది. దాన్నే ఈవెంట్ అంటాము. అది ఎవురి పేరునా పోదు, దండోరా మాదిరి. వినేవి వేరే ఉంటాయి, హ్యాండ్లర్లని. అలారం మోగించే హ్యాండ్లర్ ఒకటి, ఆక్సిజన్ పెంచేదొకటి. అన్ని మెసేజీలూ అందురూ వింటే రొద గదా? అందుకని ఒక్కో హ్యాండ్లర్ నెత్తిన ఒక చీటీ అంటిస్తాము. జావా అనే ప్రోగ్రాము భాషలో దాన్ని అనోటేషన్ అంటారు. ‘@ఫిల్టర్’ అని రాసి, పక్కన షరతు రాస్తాము. షరతుకు సరిపోయిన మెసేజీ వస్తేనే ఆ హ్యాండ్లర్ నిద్ర లేస్తాది. సరిపోకుంటే, మెసేజీ వచ్చిన సంగతే దానికి తెలీదు."

హెబ్రోనుకు తన ఊరు గుర్తొచ్చింది. "మా కావలి చర్చిలో ప్రార్థన మనవుల పెట్టె ఉంది. రోగం చీటీలు మాథ్యూ డాక్టరు గారికి, పరీక్షల చీటీలు పాస్టరు గారికి, సంబంధాల చీటీలు మా అమ్మకు పోతాయి. చిన్నప్పుడు నేను ‘ప్రభువా, సైకిలు కావాలి’ అని రాసి వేశాను. అది ఎవరికీ పోలేదు."

"అదే అన్నా! సైకిలు చీటీకి హ్యాండ్లర్ లేదు."

"మీ అలారం నెత్తిన ఏం రాశావు?"

"ట్యాంకు ఒకటి నుంచి పద్దెనిమిది. పంతొమ్మిది ఉత్త టెస్టింగు, దాన్ని వదిలెయ్యమని రేవతి మేడం చెప్పింది. నేనూ ఎందుకని అడగలా. ఒక్క లైను." మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. "మన గొంతు నొక్కింది ఆ లైనే. ఇక్కడ మనం ఎంత అరిచినా, ఆ పద్దెనిమిదిలో లేము."

"అంటే ఇప్పుడు మనం సైకిలు చీటీలం."

ఆ పిల్ల ఏడుస్తూనే ఒకసారి నవ్వింది.

రెండింటికి నీళ్ళు మోకాళ్ళు దాటాయి. హెబ్రోను గోడలన్నీ తడిమాడు. నీళ్ళొచ్చే పైపు మూతికి చొక్కా కుక్కాడు. నీళ్ళు చొక్కాను పిచ్చుకలా ఎగరేసి అవతల పడేశాయి. ఉషారాణి అతని భుజాలెక్కి మూతను భుజంతో తోసింది. ఇనుము కదల్లేదు. రంధ్రం దగ్గర నోరు పెట్టి ఇద్దరూ కలిసి కేకలు వేశారు. బయట డప్పులు ఇంకా జోరందుకున్నాయి. రెండున్నరకు నీళ్ళు తొడల మీదికి వచ్చాయి.

"అన్నా, నాకు ఈత వచ్చు. మా ఇంటెనక కాలవలోనే నేర్చుకున్నా. పైకప్పు దాకా తేలతా ఉండొచ్చు. మీకు భయం లేదు గదా? మీ డిపార్టుమెంటోళ్ళకు అన్నీ నేర్పుతారంట."

ఇక్కడ ఒక చిన్న సవరణ. పులికాట్ సంగతి మొదట్లో చెప్పాను కదా? అది అతను పడవలో దాటాడు, టికెట్ కొనుక్కుని. కొలంబో రేవులో ఓడ కింద కాదు, ఓడ మీద క్యాంటీన్లో ఉన్నాడు. అందుకే చొక్కా పొడిగా ఉంది. హెబ్రోనుకు ఈత రాదు. ఒక్క చెయ్యి కూడా వెయ్యలేడు. ట్రైనింగులో ఈత పరీక్ష రోజున జలుబని సెలవు చీటీ పెట్టాడు, పదిహేనేళ్ళుగా ఆ జలుబు తగ్గలేదు. మీరేమనుకున్నా పరవాలేదు, నీళ్ళు పెరిగేటప్పుడు మాత్రం అబద్ధాలాడకూడదు.

"అమ్మా" అన్నాడు హెబ్రోను, "నాకు ఈత రాదు."

ఉషారాణి అతని ముఖం కేసి చూసింది. దగ్గరికొచ్చి అతని బనీను మెడ దగ్గర పిడికిలి బిగించి పట్టుకుంది, కాలవ గట్టున దూడను పట్టుకున్నట్టు.

"అయితే నన్ను వదలబాకండి."

అప్పుడు అతనికి భయం పూర్తిగా వచ్చింది, దాంతో బుర్ర పని చెయ్యడం మొదలుపెట్టింది. కొందరి బుర్ర అంతే.

"ఉషమ్మా, పంతొమ్మిదో ట్యాంకు మెసేజీ అలారం వినదు, సరే. మరి ఎవరూ వినకపోతే రేవతి ఇక్కడ ప్రోబ్ ఎందుకు పెట్టింది?"

"వినేదొకటి ఉండాదన్నా. నేను రాయలా, ఎవురో తెచ్చి అతికించినారు. పోయిన వారం కనబడింది. దాని నెత్తిన చీటీ చూసే నాకు అనుమానమొచ్చింది. ‘@ఫిల్టర్, ట్యాంకు పంతొమ్మిది, పీహెచ్ నాలుగు కంటే తక్కువ’ అని. పీహెచ్ అంటే పులుపు కొలత. అంకె ఎంత తగ్గితే అంత పులుపు. సముద్రం ఎప్పుడూ ఎనిమిది. నాలుగుకు యాడా రాదు, ఎవురన్నా కావాలని చేస్తే తప్ప. ఆవిడ ఈ మూత తీసి, ప్రోబ్ పైకి లాగి, ల్యాబులో ఉండే యాసిడ్ సీసాలో ముంచుతాది. ఆ మెసేజీ వస్తే హ్యాండ్లర్ లేచి ఒక ఫోనుకు ఒక్క మాట పంపుతాది. ‘రా’ అని."

"పడవకు!" లక్ష మెసేజీల మధ్య ఒక్కటి. శాఖ కుర్రాళ్ళు నిద్రపోయారంటే పోరా? "రేవతికి కూడా తెలుస్తుందా ఆ మెసేజీ పోయినట్టు?"

"తెలీదు. ఎప్పుడూ పంపేది ఆవిడే గదా, ఆవిడకెందుకు చెప్తాది?"

"అంటే మన మాట వినేది ఈ లోకంలో మన శత్రువులొక్కరే."

"ఊ."

"అయితే శత్రువులనే పిలుద్దాం."

"మీకు మతి పోయిందా అన్నా? పిలిస్తే వాళ్ళొస్తారు. తుపాకులతో వస్తారు!"

"రానీ. రేపు ఆరింటికి వస్తే యాభై పడవల్లో ఒకటి. ఈ రోజు వస్తే?" హెబ్రోను చెయ్యి పైకెత్తి రంధ్రం వైపు చూపించాడు. డప్పులు దగ్గరవుతున్నాయి. "ఈ రోజు వల తడవదు. పొద్దున నా ఐసంతా కరిగింది అందుకే. ఊరు ఊరంతా ఒడ్డు మీద శవంతో ఉంటుంది. ఖాళీ సముద్రం మీద తమ ఊరి రంగేసుకుని, తమ ఊరి నంబరుతో, ఒక్క పడవ వస్తే చిన్నపోలయ్య దానికి హారతి పడతాడా?"

ఉషారాణి కూడా రంధ్రం వైపు తల తిప్పింది. "పడవలో ఉండేవాళ్ళకు చావు సంగతి తెలీదు."

"వాళ్ళకు ‘రా’ అంటే రావడమే. నీ హ్యాండ్లర్ మాదిరి."

"బాగానే ఉండాది. పులుపు యాడ తెస్తారు? యాసిడ్ సీసా పైన ఉండాది."

హెబ్రోను ప్యాంటు జేబులో చెయ్యి పెట్టాడు. పచ్చటి పెట్టె వెలుగులో గూడూరు నిమ్మకాయ బంగారంలా మెరిసింది. పట్టుచీర కట్టిన రేవతికి నిమ్మకాయ షర్బతులోనే తెలుసు.

మూడుంబావు. నీళ్ళు ఛాతీ దగ్గరికి వచ్చాయి. ప్రోబ్ చివర టోపీలా బిగించే చిన్న ప్లాస్టిక్ గిన్నె ఉంది, పెట్టె పక్కనే కొక్కానికి వేలాడుతోంది. ఉషారాణి దాన్ని అందుకుంది. హెబ్రోను కాయను పళ్ళతో చీల్చి సగం చెక్క పిండాడు. ప్రోబ్ ముంచారు. డిస్‌ప్లేలో ఎనిమిది ఊగింది. ఏడు. ఆరు. ఐదు పాయింటు రెండు. నాలుగు పాయింటు ఆరు. ఆగింది.

"దిగు" అన్నాడు హెబ్రోను అంకెతో. "దిగు తల్లీ."

దిగలేదు. నిమిషం మారింది. నాలుగు పాయింటు ఆరుతో మెసేజీ పోయింది. ఎవరూ నిద్ర లేవలేదు.

"గిన్నె తడిగా ఉండాది. ఉప్పునీళ్ళు పులుపును చంపేస్తుండాయి. ఆరబెట్టాలి." ఇద్దరూ తమ ఒంటి మీదికి చూసుకున్నారు. ఛాతీ దాకా నీళ్ళలో ఉన్నవాళ్ళ దగ్గర పొడిగా ఏముంటుంది? తర్వాత ఇద్దరూ ఒకేసారి హెబ్రోను తల వైపు చూశారు. ఐసు అమ్మేవాడి తువ్వాలు ఇంకా అతని నెత్తిన పొడిగానే ఉంది. శాఖ వేషాల్లో ఒక్కటైనా పనికొచ్చింది.

గిన్నెను, ప్రోబ్‌ను తువ్వాలుతో తుడిచి తుడిచి పొడి చేశారు. మిగిలింది సగం చెక్క. హెబ్రోను దాన్ని మెల్లగా, ఒక్క చుక్క కూడా పక్కకు పోకుండా పిండాడు. తొక్క మడిచి మళ్ళీ పిండాడు. గింజ ఒకటి జారి గిన్నెలో పడింది. తియ్యలేదు.

ఏడు. ఐదు. మూడు పాయింటు ఎనిమిది. రెండు పాయింటు తొమ్మిది.

"కదపబాకండి. టైము చూడండి. మూడు నలభై ఒకటి. నిమిషం మారేదాకా."

హెబ్రోను రెండు చేతులూ పైకెత్తి గిన్నెను నెత్తి మీద నిలిపాడు. నీళ్ళు భుజాలు దాటాయి. సంపు అడుగున నాచు. కుడి కాలు జారింది. గోడ మీదికి వంగబోయాడు, పక్కకు పోయాడు, ముక్కులోకి ఉప్పునీళ్ళు దూరాయి. చేతులు మాత్రం దించలేదు. మెడ దగ్గర బనీను బిగుసుకుని గొంతుకు ఉరి పడింది. ఉషారాణి అతన్ని పైకి లాగి పట్టుకుంది. కాళ్ళు కింద ఎక్కడున్నాయో అతనికి తెలియదు. తెలిసిందల్లా నెత్తిన ఉన్న ఒక చెంచాడు నిమ్మరసం.

మూడు నలభై రెండు.

"పోయింది" అందామె.

"విన్నారా?"

"తెలీదన్నా. ఈ పద్ధతిలో పంపినోళ్ళకు ఎవురు విన్నదీ తెలీదు. పంపడం వరకే మన పని."

"మా అమ్మ ప్రార్థన కూడా అంతే" అన్నాడు హెబ్రోను, దగ్గుతూ. "ఆవిడ మాత్రం విన్నారనే అంటుంది."

తర్వాత చెయ్యడానికి ఏమీ లేదు. ఉండడమే. నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. ఉషారాణి ఒక చేత్తో పెట్టె కొక్కెం పట్టుకుని, ఇంకో చేత్తో అతణ్ణి పట్టుకుని, కాళ్ళతో నీళ్ళు తొక్కుతోంది. పచ్చ వెలుగు నీళ్ళలో మునిగి గోడల మీద పాకుతోంది. పైకప్పు తలకు తగులుతోంది. జానెడు గాలి మిగిలింది. "నేను సైకిలు కొనుక్కోలేదు ఇంతవరకూ" అన్నాడు హెబ్రోను. "మాట్లాడబాకండి, గాలి ఖర్చవుతాది" అందామె. అయిదుంబావు. ముఖాలు పైకి తిప్పి, పెదవులు కాంక్రీటుకు ఆనించారు.

డప్పు ఆగింది.

ఒక్క క్షణం సముద్రం కూడా ఆగినట్టయింది. తర్వాత ఒక కేక. పది కేకలు. వందల గొంతులు. రంధ్రంలోంచి ఒక్క మాట కూడా అర్థం కాలేదు, తిట్లు తప్ప. తిట్లు చాలా స్పష్టంగా ఉన్నాయి. తర్వాత అడుగుల చప్పుడు ఒడ్డు నుంచి ఇటు వచ్చింది. ఒక గొంతు పైన గర్జించింది: "మోటారు కూడా వేసుండారు సూడండి! శవం మట్టిలో పడలేదు, వీళ్ళకు నీళ్ళు కావాల్సొచ్చినాయి! కట్టెయ్ దాన్ని!"

నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. హెబ్రోను జన్మలో అంత కమ్మటి నిశ్శబ్దం వినలేదు. ఇద్దరూ పిడికిళ్ళతో మూత మీద గుద్దారు. గడియ కీచుమంది. వెలుగు కత్తిలా దిగింది. చదరపు ఆకాశంలో చిన్నపోలయ్య ముఖం.

"ఎవుర్రా అది? ఐసు అబ్బయా! నువ్వా? కరిగిచ్చుకోమంటే నువ్వు కూడా కరిగినావే!"

ఇసుకలో కూర్చుని, దుప్పటి కప్పుకుని, మిగతా సంగతి హెబ్రోను ఊరివాళ్ళ నోట విన్నాడు. శవం ఒడ్డుకు చేరే వేళకు ఖాళీ సముద్రం మీద ఒక్క పడవ, తమ రంగేసుకుని, తిన్నగా వచ్చిందట. గుంట తవ్వే పారలు ఆగాయి. నలభై మంది అలల్లోకి దూకి, పడవను లోపలున్న ముగ్గురితో సహా ఇసుక మీదికి ఈడ్చారు. వాళ్ళు తుపాకీ తీసేలోపు వల పడింది. వల తడవకూడదు గనక పొడి వలే వేశారట, చిన్నపోలయ్య ఆ మాట రెండుసార్లు చెప్పాడు. ముగ్గురికీ తెలుగు రాదు. వేళ్ళన్నీ హ్యాచరీ వైపే చూపించాయి.

రేవతి కిటికీలోంచి పడవను చూసి, రొయ్య పిల్లల సంచీ ఒకటి పట్టుకుని కారెక్కింది. ఉన్నది ఒక్క రోడ్డు. ఆ రోడ్డు నిండా చావుకొచ్చిన జనం. ఆమె హారన్ కొట్టింది. చావు దగ్గర హారన్! పోలేరయ్య కూతురు వెంకటశేషమ్మ కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం పీకి బొడ్లో దోపుకుంది. "నీకేం తొందరమ్మా? మా నాయనే పోతుండాడు నిదానంగా." సంచీలో మూడు వేల రొయ్య పిల్లలు, వాటి మధ్య వేలిగోరంత డిస్క్.

సాయంత్రం ఆరున్నరకు, ఊరివాళ్ళ కబురంది, పోలీసు జీపులతో పద్మనాభయ్య వచ్చాడు. డిస్క్ చూసి సంతోషించాడు. రేవతిని చూసి నిట్టూర్చాడు. హెబ్రోనును చూసి, "టిఫిన్ క్యారియర్ ఏది?" అన్నాడు.

ఉషారాణి ఆ వారంలోనే అలారం నెత్తి మీది చీటీ చించేసింది. ఇప్పుడు అది అన్ని ట్యాంకులూ వింటుంది, లేని ట్యాంకులు కూడా. రొద ఎక్కువైందని కొత్త మేనేజరు గొణిగితే, "ఉండనీండి సార్" అంటుంది. హెబ్రోను ప్రతి ఆదివారం చర్చి కాగానే బుచ్చిరెడ్డిపాలెం పోయి, ఆ కాలవలో ఆమె దగ్గర ఈత నేర్చుకుంటున్నాడు. కిందటి నెల ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు ఈదాడు కూడా.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. జావా నిజం, చీటీ నిజం, నిమ్మకాయ నిజం, చిన్నపోలయ్య తిట్లయితే నేను తగ్గించి రాశాను. ఈత నేర్చుకున్నాడన్నది మాత్రం నా కల్పన. ఆదివారం కాలవ దాకా పోతాడు, గట్టు మీదే కూర్చుంటాడు. వీధి చివర ఎవరింట్లోనైనా బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు వినబడితే, ఏజెంట్ హెబ్రోను ఈ రోజుకీ లేచి వెళ్ళి ఆ కుళాయి కట్టేసి వస్తాడు.